ఒక్క సెమిస్టర్ విదేశీ చదువు: లోన్ కంటే ముందు క్రెడిట్ల గురించి అడగండి

పిల్లలు యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసి "ఎక్స్ఛేంజ్‌కు సెలెక్ట్ అయ్యాను, ఆరు నెలలు జర్మనీలో చదవాలి" అని చెప్పగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న "లోన్ ఎంత కావాలి?" అన్నది. వెళ్లేది ఆడపిల్లయితే దాని వెనకే "ఒక్కదాన్నే ఎలా పంపుతాం?" అనే రెండో ప్రశ్న వస్తుంది. చాలా ఇళ్లలో మాట ఈ రెండింటి దగ్గరే ఆగిపోతుంది. మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు "అక్కర్లేదు" అనే. రెండోదానికి జవాబు ఇంటింటికీ వేరు. కానీ అసలు అడగవలసిన మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని తల్లిదండ్రులే కాదు, పిల్లలు కూడా అడగరు: అక్కడ చదివిన సబ్జెక్టులు ఇక్కడి డిగ్రీలో లెక్కకు వస్తాయా? రాకపోతే ఊరు చూసి వచ్చినట్టే గానీ చదివి వచ్చినట్టు కాదు. పైగా ఒక ఏడాది వెనకబడే ప్రమాదం కూడా ఉంది.

నేను హైదరాబాద్‌లో ఎం.ఎస్సీ. చదువుతూ 2024 అక్టోబర్ నుంచి 2025 మార్చి దాకా జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఒక సెమిస్టర్ చదివి వచ్చాను. మాది కర్నూలు. అబ్బాది చిన్న హార్డ్‌వేర్ షాపు. మా ఖాందాన్‌లో నాకంటే ముందు దేశం దాటినవాళ్లంటే గల్ఫ్‌లో పనిచేసే మామూ ఒక్కరే. వచ్చినప్పటి నుంచి చుట్టాలు, అమ్మీ స్నేహితురాళ్లు, తెలిసినవాళ్ల పిల్లలు అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఫోన్లో చెప్పే మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎమ్మెస్ వేరు, ఎక్స్ఛేంజ్ వేరు

విదేశీ చదువు అనగానే మనకు తెలిసింది ఎమ్మెస్. అంటే అక్కడి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని, అక్కడి ఫీజు కట్టి, అక్కడి డిగ్రీ తెచ్చుకోవడం. ఎక్స్ఛేంజ్ అలా కాదు. విద్యార్థి పేరు ఇక్కడి యూనివర్సిటీ రిజిస్టర్‌లోనే ఉంటుంది, డిగ్రీ కూడా ఇక్కడిదే వస్తుంది. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటుంది కాబట్టి ఒక సెమిస్టర్, మహా అయితే ఏడాది పాటు అక్కడ కూర్చుని చదువుతారు. ఫీజు ఎప్పటిలాగే ఇక్కడ కడతాం. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలలో అసలు ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మనలాంటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. ఒప్పందం కింద వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు అక్కడ కూడా మినహాయింపు ఉంది.

ఐరోపాలో ఈ పద్ధతికి పెద్ద పేరు ఎరాస్మస్. 1987లో వాళ్ల దేశాల మధ్య విద్యార్థులను అటూ ఇటూ పంపడానికి మొదలుపెట్టారు. 2014లో ఎరాస్మస్ ప్లస్‌గా మారింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఇండియా లాంటి బయటి దేశాల యూనివర్సిటీలకు కూడా ఇందులో దారి తెరిచారు. ఈ దారిలో వెళ్లినవాళ్లకు నెలనెలా భత్యం ఇస్తారు. ఐరోపాకు వచ్చే విద్యార్థికి దేశాన్ని బట్టి సుమారు 800 నుంచి 900 యూరోలు, దూరాన్ని బట్టి ప్రయాణ ఖర్చు. నేను ఈ దారిలోనే వెళ్లాను. అన్ని ఒప్పందాలకూ ఈ భత్యం ఉండదు. కొన్నింటిలో ఫీజు మినహాయింపు మాత్రమే ఉంటుంది, తిండి, అద్దె మనవే. సెలెక్షన్ లెటర్ చేతికి రాగానే ముందు ఈ తేడా చూసుకోవాలి. ఐరోపా ఒక్కటే అని కూడా కాదు, ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్ యూనివర్సిటీలతో మంచి సంబంధాలున్నాయి.

ఇంకో గందరగోళం కూడా తీర్చాలి. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 2015 నుంచి ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు. అది విదేశంలో పూర్తి పీజీ గానీ పీహెచ్‌డీ గానీ చదివేవాళ్ల కోసం. ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కు అది వర్తించదు. "ఎక్స్ఛేంజ్ సీటు ఇప్పిస్తాం, ఇంత కట్టండి" అనే కన్సల్టెన్సీల మాటకు కూడా లొంగకండి. ఎక్స్ఛేంజ్ సీటు కన్సల్టెన్సీ ఇచ్చేది కాదు. మీ పిల్లలు చదివే యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసు ఉంటుంది, దరఖాస్తు అక్కడే పెట్టుకోవాలి. ఏయే యూనివర్సిటీలతో ఒప్పందం ఉందో ఆ ఆఫీసులో అడిగితే చెబుతారు. మా క్లాసులో సగం మందికి ఆ ఆఫీసు ఏ బిల్డింగ్‌లో ఉందో కూడా తెలియదు.

డబ్బు సంగతి

మన ఇళ్లలో ఎడ్యుకేషన్ లోన్ అంటే వెనకాడేది వాయిదాల భయంతోనే కాదు, వడ్డీ వల్ల కూడా. ఆ ఇబ్బంది పడే కుటుంబాలకు ఎక్స్ఛేంజ్ నిజంగా మంచి దారి. భత్యం ఉన్న ఎక్స్ఛేంజ్ అయితే లోన్ లేకుండా గడిచిపోతుంది. నాకు హాస్టల్ గది అద్దె 300 యూరోల లోపు, ఆరోగ్య బీమా దాదాపు 140, తిండికి 200 పైచిలుకు అయ్యేది. ఫోను, చిన్నాచితకా ఖర్చులు పోను కొద్దిగా మిగిలేది. యూరో ఈ మధ్య వంద రూపాయల చుట్టూ తిరుగుతోంది కాబట్టి లెక్క కట్టుకోవడం సులువే. యూనివర్సిటీకి సెమిస్టర్ రుసుము అని ఒకటి కట్టాలి. అది చాలాచోట్ల 100 నుంచి 400 యూరోల మధ్య ఉంటుంది. చాలా ఊళ్లలో బస్సు, ట్రామ్ పాసు అందులోనే కలిసి వస్తుంది.

చిక్కల్లా భత్యం మొదటి విడత అక్కడికి చేరిన తర్వాత గానీ అకౌంట్‌లో పడదు. విమానం టికెట్, వీసా ఫీజు, హాస్టల్ డిపాజిట్, మొదటి నెల అద్దె, చలి కోటు, ఇవన్నీ ముందే పెట్టుకోవాలి. మా ఇంట్లో అది దాదాపు రెండు లక్షల దగ్గర తేలింది. అబ్బా కొంత, మామూ కొంత సర్దారు. మామూకు వచ్చాక తిరిగి ఇచ్చేశాం.

వీసా దగ్గర కూడా డబ్బు చూపించాలి. 90 రోజులు దాటి ఉండాలంటే టూరిస్టులకు ఇచ్చే షెంగెన్ వీసా చెల్లదు, నేషనల్ వీసా కావాలి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ విద్యార్థికి నెలకు 992 యూరోల లెక్కన చూపించమంటోంది, ఏడాదికైతే 11,904. భత్యం ఇస్తున్నట్టు యూనివర్సిటీ రాసిన లేఖ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. తక్కువ పడిన మొత్తాన్ని బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాను. బ్లాక్డ్ అకౌంట్ అంటే డబ్బు పోయినట్టు కాదు. అది మన డబ్బే, అక్కడికి వెళ్లాక నెలకు ఇంత చొప్పున మన చేతికే వస్తుంది.

పార్ట్‌టైమ్ పని మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. చట్టం ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు అంటుంది. కానీ ఆరు నెలల్లో భాష రాని ఊళ్లో పని వెతుక్కునేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం

దీని పేరు లెర్నింగ్ అగ్రిమెంట్. వెళ్లే ముందే నింపాలి. అందులో రెండు పట్టికలుంటాయి. ఒకదాంట్లో అక్కడ చదవబోయే సబ్జెక్టులు, రెండోదాంట్లో వాటి బదులు ఇక్కడ మినహాయించే సబ్జెక్టులు రాస్తారు. దాని మీద విద్యార్థి, ఇక్కడి యూనివర్సిటీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. సంతకాలు పడ్డాయంటే "అక్కడ ఇవి పాసై వస్తే ఇక్కడ వీటిని పాసైనట్టే లెక్కిస్తాం" అని యూనివర్సిటీ మాట ఇచ్చినట్టు.

వినడానికి సులువే. చేసేటప్పుడు మూడు చోట్ల పీటముడి పడుతుంది.

మొదటిది క్రెడిట్ల లెక్క. ఐరోపాలో ఈసీటీఎస్ అనే కొలత వాడతారు. ఏడాది చదువుకు 60, సెమిస్టర్‌కు 30. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. క్లాసులో కూర్చున్నదే కాదు, ఇంట్లో చదివింది, రాసింది అన్నీ కలిపి. మన దగ్గర క్రెడిట్‌ను క్లాసు గంటలతో కొలుస్తారు. కాబట్టి వాళ్ల అంకె, మన అంకె ఒకటి కావు. మా డిపార్ట్‌మెంట్ అక్కడి 6 క్రెడిట్ల సబ్జెక్టును ఇక్కడి 4 గా లెక్కించింది. మీ దగ్గర ఇంకోలా లెక్కించవచ్చు. ఏ లెక్కన అన్నది వెళ్లేముందే రాతలో తీసుకోవాలి. "వచ్చాక చూద్దాంలే అమ్మా" అని ఎంత మంచి సారు చెప్పినా సరే, వచ్చేసరికి ఆ సారు ఆ కుర్చీలో ఉండకపోవచ్చు.

రెండోది క్యాలెండర్. దీని గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. జర్మనీలో చలికాలపు సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా, పరీక్షలు ఫిబ్రవరిలో. మన దగ్గర ఒక సెమిస్టర్ నవంబర్, డిసెంబర్‌లో అయిపోతుంది, ఇంకోటి జనవరికల్లా మొదలైపోతుంది. అంటే వాళ్ల ఒక్క సెమిస్టర్ మన రెండు సెమిస్టర్ల మీద పడుకుంటుంది. మూడో సెమిస్టర్ సబ్జెక్టులకు లెక్క కుదిరినా, నాలుగో సెమిస్టర్ మొదటి రెండున్నర నెలలు పోతాయి. మాకు నాలుగోది మొత్తం ప్రాజెక్టే కాబట్టి మా హెడ్ ఏప్రిల్ నుంచి మొదలుపెట్టడానికి అనుమతి రాసిచ్చారు. బీటెక్ వాళ్లకు, క్లాసులు ఎక్కువ ఉన్నవాళ్లకు ఇది అంత సులువుగా తేలదు. హాజరు 75 శాతం నిబంధన ఉన్నచోట, ముఖ్యంగా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు, ఎక్స్ఛేంజ్‌లో ఉన్న రోజులను హాజరుగా లెక్కిస్తామని కాలేజీ నుంచి లేఖ తీసుకోకుండా విమానం ఎక్కవద్దు.

మూడోది అక్కడికి చేరాక వచ్చే మార్పులు. అగ్రిమెంట్‌లో రాసుకున్న సబ్జెక్టు ఆ సెమిస్టర్‌లో ఉండకపోవచ్చు, జర్మన్‌లో చెప్పవచ్చు, లేదా రెండు సబ్జెక్టులు ఒకే సమయంలో పడవచ్చు. నాకు రెండు సబ్జెక్టులు ఇలాగే మారాయి. మార్పుల కోసం వేరే ఫారం ఉంటుంది. క్లాసులు మొదలైన కొన్ని వారాల్లోనే దాని మీద మళ్లీ ముగ్గురి సంతకాలు తెచ్చుకోవాలి. నేను ఇక్కడి డిపార్ట్‌మెంట్‌కు ఈమెయిల్ పెట్టి, జవాబు రాకపోతే ఫోన్ చేసి, అప్పటికీ కాకపోతే క్లాస్‌మేట్‌ను ఆఫీసుకు పంపి సంతకం చేయించుకున్నాను. నాతోపాటు అక్కడికి వేరే కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి చాలా తెలివైనవాడు, మార్కులు నాకంటే బాగా తెచ్చుకున్నాడు. కానీ మారిన సబ్జెక్టులకు వాళ్ల కాలేజీ సకాలంలో సంతకం పెట్టలేదు. తిరిగి వచ్చాక ఆ రెండు పేపర్లూ జూనియర్లతో కూర్చుని మళ్లీ రాశాడు. వాళ్ల అమ్మ "జర్మనీ వెళ్లి ఫెయిలయ్యాడా?" అని అడిగిందట. ఫెయిల్ కాలేదని ఆమెకు నచ్చజెప్పడానికి పాపం అతనికి చాలా రోజులు పట్టింది.

ఇంకో చిన్న విషయం. అక్కడ క్లాసులో పేరు ఉన్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. పరీక్షకు పోర్టల్‌లో వేరేగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికి గడువు ఉంటుంది. గడువు దాటితే ఎంత బతిమాలినా కుదరదు. మన దగ్గర ఆఖరి రోజున లేట్ ఫీజు కట్టి హాల్ టికెట్ తెచ్చుకునే అలవాటు అక్కడ పనిచేయదు.

ఆడపిల్ల, గది, ఇల్లు

రెండో ప్రశ్న దగ్గరికి వస్తాను. మహ్రమ్ లేకుండా ప్రయాణం, ఒంటరిగా ఉండటం గురించి ఉలమాల మధ్య అభిప్రాయాలు ఉన్నాయి. అది ప్రతి ఇల్లూ తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవలసిన విషయం, నేను చెప్పదగింది కాదు. నేను చెప్పగలిగింది అక్కడ పరిస్థితి ఎలా ఉంటుందన్నది మాత్రమే. అది తెలియకుండా "వద్దు" అన్నా, "సరే" అన్నా రెండూ గుడ్డిగా అన్నట్టే.

హాస్టళ్లు స్టుడెంటెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవల సంస్థ నడుపుతుంది. మన హాస్టళ్లలా బాయ్స్‌కు ఒక బిల్డింగ్, గర్ల్స్‌కు ఒక బిల్డింగ్ అని ఉండవు. చాలావాటిలో మూడు నాలుగు గదులు కలిసి ఒక ఫ్లాట్, వంటిల్లు, బాత్రూమ్ ఉమ్మడి. పక్క గదిలో అబ్బాయి ఉండవచ్చు. ఈ ఒక్క మాట ముందు తెలియక వెళ్లి ఏడ్చిన అమ్మాయిని చూశాను. దీనికి దారి ఉంది. దరఖాస్తు ఫారంలో "అమ్మాయిలే ఉండే ఫ్లాట్ కావాలి" అనో, బాత్రూమ్, వంటిల్లు లోపలే ఉండే సింగిల్ అపార్ట్‌మెంట్ కావాలనో రాయవచ్చు. అద్దె కొంచెం ఎక్కువ. త్వరగా అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. నేను, ఒక ఇండోనేషియా అమ్మాయి, ఇద్దరు జర్మన్ అమ్మాయిలు ఒక ఫ్లాట్‌లో ఉన్నాం.

గదిలో చేరిన రెండు వారాల్లో ఊరి ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేసుకోవాలి, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. గది ఇచ్చినవాళ్లు రాసిచ్చిన కాగితం లేకుండా అది జరగదు. అందుకే ఫేస్‌బుక్‌లో చూసి ఎవరికో డబ్బు పంపి తీసుకునే గదులు ప్రమాదం. డబ్బూ పోవచ్చు, కాగితమూ రాదు.

హిజాబ్ గురించి అందరూ అడుగుతారు. జర్మనీ యూనివర్సిటీల్లో విద్యార్థినులు హిజాబ్ వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. వీసా ఫోటోలో కూడా ముఖం పూర్తిగా కనబడితే చాలు. రోడ్డు మీద ఎవరూ అదోలా చూడలేదంటే అబద్ధం అవుతుంది. ట్రామ్‌లో ఒకసారి ఒక పెద్దాయన ఏదో గొణిగాడు. నాకు భాష అర్థం కాలేదు గానీ పక్కన కూర్చున్న ఒక ముసలామె ఆయనకు గట్టిగా జవాబు చెప్పింది. రాత్రి లైబ్రరీ నుంచి పది గంటలకు ట్రామ్‌లో రావడం అక్కడ మామూలు విషయం. అమ్మీ మాత్రం నేను గది తలుపు వేసుకున్నానని చెప్పేదాకా ఫోన్ పెట్టేది కాదు. అప్పటికి మన దగ్గర అర్ధరాత్రి దాటి రెండు అయ్యేది.

నమాజ్, తిండి

చలికాలంలో పగలు మరీ చిన్నది. డిసెంబర్‌లో లైప్‌జిగ్‌లో ఎనిమిది దాటాక తెల్లారి, నాలుగింటికే పొద్దు గూకుతుంది. ఫజర్‌కు నిదానంగా లేవవచ్చు, కానీ జుహర్, అసర్, మగ్రిబ్ మూడూ నాలుగు గంటల లోపలే వస్తాయి. క్లాసులు గంటన్నర చొప్పున ఉంటాయి కాబట్టి మధ్యలో విరామం దొరుకుతుంది, చోటు వెతుక్కోవాలి. కొన్ని యూనివర్సిటీలలో అన్ని మతాలవాళ్లకూ కలిపి నిశ్శబ్ద గది ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. నేను లైబ్రరీలో గ్రూప్ స్టడీ గది బుక్ చేసుకునేదాన్ని. మనం పడమరకు తిరిగి అలవాటు పడినవాళ్లం. అక్కడ ఖిబ్లా ఆగ్నేయానికి. మొదటి వారం కాళ్లు వాటంతట అవే పడమరకు తిరిగేవి.

జర్మనీలో మసీదులు ఎక్కువగా టర్కీ వాళ్లవి. 1961లో టర్కీతో కూలీల ఒప్పందం కుదిరాక వచ్చి స్థిరపడిన కుటుంబాలు అవి. కానీ వాళ్లంతా ఎక్కువగా పశ్చిమ జర్మనీలో ఉన్నారు. లైప్‌జిగ్ అప్పట్లో తూర్పు జర్మనీలో ఉండేది కాబట్టి ఇక్కడ టర్కీ వాళ్లు తక్కువ, ఈ పదేళ్లలో వచ్చిన సిరియా వాళ్లు, ఇతర అరబ్బులు ఎక్కువ. వెళ్లే ఊరు ఏ వైపు ఉందో చూసుకుంటే ఏం దొరుకుతుందో ముందే ఊహించవచ్చు. ఇంకో విశేషం: టర్కీ వాళ్లు కూడా మనలాగే హనఫీలే, అయినా వాళ్ల క్యాలెండర్‌లో అసర్ మన లెక్క కంటే ముందు ఉంటుంది. ఫోన్‌లో యాప్ మన పద్ధతిలో పెట్టుకుంటే రెండు సమయాలు కనబడి తికమక పడతారు, కంగారు అక్కర్లేదు.

రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలలో వస్తోంది కాబట్టి రోజా మన దగ్గర లాగే పదమూడు గంటల చుట్టూ ఉంటుంది. 2016లో జూన్‌లో వచ్చినప్పుడు పద్దెనిమిది గంటలకు పైనే ఉండేదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. నాకు పరీక్షలు అయిపోయాక రంజాన్ మొదలైంది. సగం రోజాలు అక్కడ, సగం ఇక్కడ. మసీదులో ఇఫ్తార్‌కు వెళితే సిరియా ఆంటీలు ప్లేటు ఖాళీ కానిచ్చేవాళ్లు కాదు.

యూనివర్సిటీ క్యాంటీన్‌ను మెన్సా అంటారు. మూడు నాలుగు యూరోలకు భోజనం. ప్రతి వంటకం పక్కనా ఏముందో గుర్తులు వేస్తారు. పంది మాంసం చాలావాటిలో ఉంటుంది, సాస్‌లలో వైన్ ఉండవచ్చు, జెల్లీ, పెరుగు మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. నేను కళ్లు మూసుకుని వీగన్ గుర్తు ఉన్నదే తీసుకునేదాన్ని, సగం ఆలోచన తగ్గుతుంది. ఐజెన్‌బాన్‌స్ట్రాసె అనే వీధిలో అరబ్ దుకాణాల్లో హలాల్ కోడి, బియ్యం, కందిపప్పు లాంటివన్నీ దొరికేవి. ఒకటి తెలుసుకోవాలి: జర్మనీ చట్టం ప్రకారం జంతువును స్పృహ తప్పించకుండా జబహ్ చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఒక ముస్లిం కసాయి కేసులో ఆ మినహాయింపుకు దారి ఇచ్చింది గానీ, అనుమతి ఉన్నవాళ్లు తక్కువ. కాబట్టి అక్కడి దుకాణాల్లో హలాల్ బోర్డు చూసి, ఈ విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు అడిగి కొనాలి. చింతపండు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లండి. అది లేకుండా ఖట్టీ దాల్ చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

క్లాసులో తేడా

పది గంటల క్లాసు అని రాసి ఉంటే చాలాచోట్ల పదింపావుకు మొదలవుతుంది, అది వాళ్ల పాత సంప్రదాయం. క్లాసు అయిపోగానే చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్ల మీద తడతారు. మొదటిసారి విని ఏదో గొడవ జరుగుతోందనుకున్నాను. లెక్చర్‌కు హాజరు చాలావరకు అడగరు, ఎవరూ "ఎందుకు రాలేదు?" అనరు. దాంతో మన పిల్లలు కొందరు నవంబర్ కల్లా పడక దిగడం మానేస్తారు. చీకటి, చలి, ఒంటరితనం కలిసి వచ్చే నెల అది. ఆ నెలలో రోజూ ఫోన్ చేయండి. మార్కుల గురించి వద్దు, ఏం తిన్నావని అడగండి.

నాకు బాగా కష్టమైంది సెమినార్. అక్కడ ప్రొఫెసర్ తక్కువ మాట్లాడతాడు, విద్యార్థులు ఎక్కువ. ముందే చదివి రావాలి, చదివినదాంతో ఎక్కడ ఏకీభవించడం లేదో చెప్పాలి. మనకు సారు చెప్పింది రాసుకోవడం అలవాటు. సారు ఎదురుగా "ఈ లెక్క సరిగా లేదనిపిస్తోంది" అనడం మన దగ్గర బేఅదబీ. నాలుగో వారంలో నీటి కాలుష్యం మీద ఒక వ్యాసం గురించి మాట్లాడుతున్నప్పుడు, మా కర్నూలు దగ్గర తుంగభద్ర ఎండాకాలంలో ఎలా ఎండిపోతుందో చెప్పి, ఏడాది పొడవునా నది ఒకేలా పారుతుందన్న వ్యాసంలోని ఊహ మా దగ్గర నిలబడదని అన్నాను. ప్రొఫెసర్ దాన్నే నా ముగింపు వ్యాసానికి విషయంగా తీసుకోమన్నారు. ఆ వ్యాసం పదిహేను పేజీలు. చివర "ఇది నేనే రాశాను, ఎక్కడి నుంచి తీసుకున్నానో అన్నీ చెప్పాను" అని సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ సంతకాన్ని వాళ్లు చాలా గట్టిగా పట్టుకుంటారు. ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికించే అలవాటున్న పిల్లలు వెళ్లేముందే మానుకోవాలి.

వచ్చాక

పరీక్షలైనా మార్కులు వెంటనే రావు. నా ట్రాన్స్‌క్రిప్ట్ ఏప్రిల్ చివరికి వచ్చింది. అక్కడ 1.0 అన్నిటికంటే మంచి మార్కు, 4.0 పాస్, 5.0 ఫెయిల్. నా సగటు 1.7. ఫోన్లో చెప్పగానే అబ్బా కాసేపు మాట్లాడలేదు, "పదికా బేటీ?" అన్నారు. మా ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో కూడా గుమస్తా గారు దాదాపు అదే ప్రశ్న వేశారు. లెర్నింగ్ అగ్రిమెంట్, మార్పుల ఫారం, ట్రాన్స్‌క్రిప్ట్, గ్రేడ్లు మార్చే పట్టిక నాలుగూ జిరాక్స్ తీసి ఒకే ఫైల్‌లో పెట్టి ఇస్తే మూడు వారాల్లో మార్కుల లిస్టులోకి ఎక్కించారు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

అక్కడ చదివిన ప్రతి సబ్జెక్టుకూ సిలబస్ వివరాలున్న పేజీలను వెబ్‌సైట్ నుంచి దింపుకుని దాచుకోవాలి. కొన్ని సెమిస్టర్లకు అవి మారిపోతాయి. ఈ మధ్య ఒక పీహెచ్‌డీ దరఖాస్తులో నన్ను మళ్లీ అవే అడిగారు.